పేలదని పూచీ ఉంది, పాడుతుందని లేదు

గౌరవనీయులైన డైరెక్టర్ జనరల్ గారికి,
భారతీయ ప్రమాణాల సంస్థ, మానక్ భవన్,
బహదూర్ షా జఫర్ మార్గ్, న్యూఢిల్లీ.

విషయం: పాత పాటల ప్లేయర్ల బ్యాటరీ ఎంతసేపు వస్తుందో తేల్చే పరీక్షను కమలాపురం పద్ధతిలో జరిపించుట గురించి.

సూచిక: మా ప్లేయరు పెట్టె మీద ఉన్న చిన్న నక్షత్రం గుర్తు.

ఆర్యా,

కడప జిల్లా కమలాపురం కాపురస్తుణ్ణి. కుక్కరు పేలిందనో, సిమెంటు మోసమనో చెప్పుకోవడానికి రాయడం లేదు. మా పక్కనే ఎర్రగుంట్ల. అక్కడి సిమెంటు బస్తాల మీద తమరి గుర్తు చూస్తూ పెరిగినవాణ్ణి. 1947 జనవరిలో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్‌గా పుట్టి, 1987 ఏప్రిల్‌లో బ్యూరోగా మారినా మా ఊళ్ళో తమరు ఇప్పటికీ ‘ఐఎస్ఐ వాళ్ళే’. ఇస్త్రీపెట్టె కొన్నా, గ్యాస్ పొయ్యి కొన్నా ముందు అడిగేది ఆ గుర్తునే. అంత నమ్మకం ఉంది గనకే ఈ ఉత్తరం.

నా దగ్గరొక పాత ఎంపీత్రీ ప్లేయరు ఉంది. ప్రొద్దుటూరులో కొన్నది. కంపెనీ పేరు చెప్పను. వాళ్ళింకా వ్యాపారంలోనే ఉన్నారు, నాకు వకీలు లేడు. పెట్టె మీద ఎర్రగా, లావుగా ‘20 గంటలు’ అని అచ్చేశారు. దాని పక్కన ఒక నక్షత్రం. ఆ నక్షత్రం వెంటబడి పోతే పెట్టె అడుగున, బార్‌కోడు పక్కన, భూతద్దానికి మాత్రమే కనబడే ఒక వరుస తగులుతుంది. పాట 128 కేబీపీఎస్‌లో ఉండాలట. వాల్యూం సగంలో ఉండాలట. తెర ఆరిపోయి ఉండాలి, ఈక్వలైజరు కట్టేసి ఉండాలి, పాట మార్చకూడదు. అంటే ఏ పాట వస్తోందో చూడకూడదు, నచ్చకపోతే దాటించకూడదు, నచ్చితే పెంచకూడదు. ఇట్లా పాటలు వినే మనిషి మా మండలంలో లేడు. మానక్ భవన్‌లో ఎవరైనా ఉంటే తెలియజేయగలరు.

పాత సెల్లుల కాలంలో ఈ బాధ లేదు. తమరి రికార్డుల్లో ఉండని చరిత్ర కాబట్టి కొంచెం వివరంగా మనవి చేసుకుంటాను.

టేప్ రికార్డరు రోజుల్లో మా ఇంట్లో సెల్లుకు ఒక జన్మతో సరిపోయేది కాదు. నెల్లూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నిప్పో సెల్లులు కొత్తవి ముందు టేపులోకి పోయేవి. అవి వీకయిన సంగతి తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు, పాట సాగేది. పల్లవి ఎత్తుకున్నది సుశీల అయినా చరణం చేరేసరికి ఘంటసాల అయిపోయేవాడు. అప్పుడు మా జేజి ఆ సెల్లులు ఊడబెరికి రేడియోలో వేసేది. కడప ఆకాశవాణి, 900 కిలోహెర్ట్జ్, అవే సెల్లులతో ఇంకా ఎన్నో సాయంత్రాలు పలికేది. రేడియో కూడా గొణగడం మొదలుపెట్టినాక వాటిలో ఒకటి గోడగడియారంలోకి. అది చిన్న సెల్లయితేనే లెండి. పెద్ద సెల్లయితే టార్చిలోకి పోయి, ఉందీ లేదన్నట్టు వెలిగేది.

నడుమ వైద్యం కూడా జరిగేది. మిద్దె పిట్టగోడ మీద ఎండబెట్టడం ఒక పద్ధతి. మా చిన్నాయనది ఇంకో పద్ధతి: పెన్సిల్ సెల్లును పంటితో కొరికి గాటు పెట్టేవాడు. పైరేకు మీది పంటి గుర్తులు చూసి ఆ సెల్లు వయసు చెప్పొచ్చు. (ఈ విద్యను పిల్లలకు మాత్రం నేర్పకండి. లోపలి సరుకు కారితే నోరు పొక్కుతుంది.)

ఎండలో పెడితే సెల్లు లేచి కూర్చోవడం మూఢనమ్మకమేమీ కాదు. సెల్లును ఆపకుండా వాడితే నడిమి బొగ్గుకడ్డీ చుట్టూ హైడ్రోజన్ చేరి కరెంటుకు అడ్డం పడుతుంది. దాన్ని పీల్చుకునే పని లోపలున్న మాంగనీస్ డయాక్సైడ్‌ది. ఆ పని మెల్లగా సాగుతుంది. కాసేపు పక్కన పెడితే అడ్డం తొలగి, వోల్టేజీ కొంత వెనక్కి వస్తుంది. వెచ్చదనం ఆ పనిని తొందర చేస్తుంది. పేరు ఎండకు వచ్చింది గానీ సగం పని విశ్రాంతిదే.

ఇదంతా తమరికి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. ఎందుకంటే ప్రమాణాల లెక్కలూ మా జేజి లెక్కలూ ఒకటే. డ్రై సెల్లుల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60086 పాత కూర్పుల్లో పెన్సిల్ సెల్లుకు, అంటే ఆర్6కు, క్యాసెట్ ప్లేయరు పరీక్ష ఇట్లా ఉంటుంది: 10 ఓముల భారం, రోజుకు ఒక గంట, వోల్టేజీ 0.9కి దిగేదాకా. అదే సెల్లుకు రేడియో పరీక్షయితే 43 ఓములు, రోజుకు నాలుగు గంటలు. ఆటబొమ్మ మోటారుకు 3.9 ఓములు, రోజుకు గంట, 0.8 వోల్టుల దాకా. అది రాసిన పెద్దలు ‘ఈ సెల్లు ఇన్ని గంటలు’ అని ఒక్క మాటతో తేల్చిపారేయలేదు చూశారా! ఏ పనికి వాడితే ఎన్ని గంటలు అన్నారు. రోజుకు గంటే వాడమని సెల్లుకు విశ్రాంతి కూడా ఇచ్చారు. 10 ఓముల కాడ చచ్చిన సెల్లును మా జేజి 43 ఓముల కాడ బతికించేది, ఓమంటే ఏందో తెలియకుండానే.

1979 జులై 1న సోనీ వాక్‌మన్ అమ్మకానికి వచ్చినప్పుడు దానిలోనూ రెండు పెన్సిల్ సెల్లులే. అయిపోతే అంగడికి పోయి ఇంకో రెండు తెచ్చుకోవడమే. నా ప్లేయరులో ఆ వీలు లేదు. లోపల పలచటి లిథియం సెల్లును టంకం వేసి బిగించారు. నిండా ఎక్కితే 4.2 వోల్టులు, 3 చిల్లరకు దిగగానే సర్క్యూటు గొంతు నొక్కేస్తుంది. పాట సాగదు, గొంతు మారదు. చివరి క్షణం దాకా సుశీల సుశీలగానే ఉంటుంది. ఆ తర్వాత ఎవరూ ఉండరు. అట్లా ఆగిన సెల్లును గోడగడియారంలో వేసుకునే యోగమూ లేదు.

ఈ లిథియం సెల్లులకు తమరి ప్రమాణం ఉంది, ఐఎస్ 16046. 2012 నాటి తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు పుణ్యమా అని ఎలక్ట్రానిక్ సామాన్లు ఒక్కొక్కటే ఆ పద్దులోకి వచ్చాయి. షార్ట్ చేసి చూస్తారు, ఎక్కువ ఛార్జ్ చేసి చూస్తారు, కింద పడేసి చూస్తారు. సంతోషం. జేబులో పేలదని పూచీ దొరికింది. ఎంతసేపు పాడుతుందన్న పూచీ మాత్రం పెట్టె మీది నక్షత్రానికే వదిలేశారు.

అందుకని పరీక్ష నేనే పెట్టుకున్నాను. ఇందులో అసలు చిక్కు పాడించడం కాదు, అది ఎప్పుడు ఆగిందో కనిపెట్టడం. తెల్లవార్లూ చెవిలో పెట్టుకొని మేలుకోవడానికి నాకు వయసు లేదు. పాటలకు వరుసగా అంకెలు వేసి, మళ్ళీ ఛార్జ్ చేసినాక ఏ పాట దగ్గర లేస్తుందో చూద్దామంటే, ఈ మొండిది తనంతట ఆగిపోయినప్పుడు ఏదీ గుర్తుంచుకోదు. ఒకటో పాటతోనే లేస్తుంది. కుదిరింది ఇది: రెండువైపులా పిన్నులున్న వైరుతో ప్లేయరును కంప్యూటరు మైకు రంధ్రానికి కలిపి, రాత్రంతా రికార్డు చేయడం. పొద్దున చూస్తే తెర మీద శబ్దం గీత దట్టంగా వచ్చి వచ్చి ఒకచోట ఉన్నట్టుండి చదునవుతుంది. ఆ చోట ఎంత టైమయిందో చదువుకోవడమే.

ఇక్కడా ఒక మెలిక ఉంది, తమరి ఇంజనీర్లు మెచ్చుకుంటారు. ఇయర్‌ఫోను భారం 16 ఓములో 32 ఓములో ఉంటుంది. కంప్యూటరు రంధ్రానిది వేలల్లో. ఉట్టి వైరు మాత్రమే తగిలిస్తే ప్లేయరు సుఖంగా పాడుకుంటూ పోయి లెక్క ఎక్కువ చూపిస్తుంది. అందుకని జాయింటు పిన్ను పెట్టి, ఒక కొమ్మకు కంప్యూటరు, ఇంకో కొమ్మకు ఇయర్‌ఫోన్లు తగిలించాలి. మే నెల రాత్రి, నాపబండల నేల మీద, ఎవరి చెవిలోనూ లేని ఇయర్‌ఫోన్లు సన్నగా గిజగిజమంటుంటే మా అమ్మ లేచి వచ్చి, “ఏంది అబ్బీ, వినే దిక్కు లేకుండా దాని గొంతు ఆరిపోయేదాంక పాడిస్తాండావే, పాపం కాదా?” అనింది. ప్రమాణాల రంగంలో ఇంత సూటి విమర్శ నేను వినలేదు.

పెట్టె మీది షరతులన్నీ పాటిస్తే, ఇంత పాతబడినా ఆ 20లో సగం పైచిలుకు వచ్చింది. ముసలి సెల్లుకు అది గొప్పే, నేను ఒప్పుకుంటాను. తర్వాత దాన్ని మా అమ్మ చేతికిచ్చాను. ఆమె ఒక పాట పూర్తిగా వినదు. నచ్చిన ముక్క కాగానే బటను నొక్కుతుంది. ఏ పాటో తెలియాలని తెర వెలిగిస్తుంది. అది ఆరితే, ఆగిపోయిందేమోనని మళ్ళీ వెలిగిస్తుంది. మిక్సీ తిరుగుతుంటే వాల్యూం చివరికంటా తోస్తుంది. పొద్దున ఇచ్చిన ప్లేయరు మధ్యాహ్నం అన్నాల వేళకు మూగబోయింది. ఈ రెండింటిలో ఏది నిజమైన లెక్క? నన్నడిగితే అమ్మదే. పాట విన్నది ఆమె ఒక్కతే కదా!

ఇంక ఎండ సంగతి. ఐఈసీ పరీక్ష గది 20 డిగ్రీలు, అటూ ఇటూ రెండు. పగటిపూట మా పాపాఘ్ని ఒడ్డున ఆ 20 ఏ చలికాలంలోనో దొరకాలి. వేసవిలో 40 దాటడం మామూలే. డ్రై సెల్లుకు ఎండ మందు. లిథియం సెల్లుకు అదే విషం, అందులోనూ నిండా ఛార్జ్ ఎక్కించి వేడి గదిలో వదిలేస్తే మరీను. వాడకపోయినా కృశించిపోతుంది. సగం ఛార్జ్‌తో చల్లని చోట దాచాలని శాస్త్రం. మా వైపు చల్లని చోటంటే ఒకటే, ఫ్రిజ్జు. అందులో పెరుగు పక్కన ప్లేయరు పెట్టనివ్వాలంటే మా ఇంటి ప్రమాణాల సంస్థ ఒప్పుకోవాలి.

లోకంలో ఈ తగాదా నాది మొదటిది కాదు. ఆపిల్ 2001 అక్టోబరులో మొదటి ఐపాడ్‌ను చూపించినప్పుడు 10 గంటలు వస్తుందని చెప్పింది. ఐపాడ్ బ్యాటరీల మీద అమెరికాలో జనం కోర్టుకెక్కితే 2005లో రాజీ కుదిరి, కొంతమందికి 50 డాలర్ల వోచర్లు ముట్టాయి. 2022 మేలో ఐపాడ్ కథే ముగిసింది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి స్మార్ట్‌ఫోన్ల మీద లేబులు తప్పనిసరి: ఒక ఛార్జ్‌కు ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు ఛార్జ్ చేసేదాకా సెల్లు నిలుస్తుంది, అన్నీ అందులో రాయాలి. 800 సార్లు ఎక్కించి దించినా సెల్లులో 80 శాతం సత్తువ మిగలాలని ఇంకో నిబంధన. మా ప్లేయరు జాతికి ఆ లేబులు వర్తించదు.

కాబట్టి తమరిని కోరేది ఇది. గంటలు అచ్చువేసే ప్రతివాడూ రెండు అంకెలు వేయాలి. ఒకటి వాళ్ళ లాబొరేటరీ గంటలు, వాళ్ళ ముచ్చట వాళ్ళది. రెండోది 40 డిగ్రీల వేడిలో, కమలాపురం నుంచి ప్రొద్దుటూరు పోయే బస్సులో వినబడేంత వాల్యూంతో, పాటకొకసారి బటను నొక్కి, తెర వెలిగించి కొలిచిన గంటలు. రెండూ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. సెల్లు పాతబడినాక ఎన్ని గంటలొస్తుందో కూడా చెబితే మరీ మంచిది. ఈ రెండో పరీక్షకు ఐఎస్ నంబరు ఇచ్చే బాధ్యత తమరిది. మనిషిని మేమిస్తాం; మా అమ్మ ఖాళీగానే ఉంది.

నమూనా ప్లేయరును పోస్టులో పంపుదామంటే లిథియం బ్యాటరీ పార్శిళ్ళకు సవాలక్ష ఆంక్షలు. తమరి ఆఫీసరునొకరిని ఇక్కడికే పంపండి. ముంబై–చెన్నై లైను మీదే ఉన్నాం, స్టేషను ఉంది. వచ్చేటప్పుడు ఆయన పాత మినీ యూఎస్‌బీ పిన్ను ఛార్జింగు వైరు ఒకటి వెంట తెచ్చుకుంటే ఉపకారం. నాది తెగడానికి సిద్ధంగా ఉంది. తమరే టైప్-సికి ప్రమాణం రాసినాక మా ఊరి మొబైల్ షాపుల్లో ఆ పాత పిన్ను అడిగితే నవ్వుతున్నారు.

ఇట్లు
తమ విధేయుడు,
కమలాపురం వినియోగదారుడు