మునిసిపల్ చైర్మన్

మునిసిపల్ చైర్మన్ అంటే, పట్టణంలో అధికారం ఎవరి దగ్గర ఉన్నా తిట్లు మాత్రం తన ఇంటికే వచ్చే ప్రజాప్రతినిధి. 1965 నాటి మునిసిపాలిటీల చట్టం ఈయన్ని కౌన్సిల్‌కు పెద్దను చేసింది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ కౌన్సిల్ ఆయుష్షును ఐదేళ్లుగా ఖాయం చేసింది. సంతకం కమిషనర్‌ది, నిధులు ప్రభుత్వానివి, మాట ఎమ్మెల్యేది. మిగిలిన కుర్చీ చైర్మన్‌ది. ఆదోని నుంచి బద్వేలు దాకా ఏ ఊళ్లో చూసినా ఇదే వరస.

వార్డుల్లో గెలిచిన కౌన్సిలర్లు చేతులెత్తి చైర్మన్‌ను ఎన్నుకుంటారు. ఫలితాలకూ చేతులెత్తే రోజుకూ మధ్య గడిచే కాలమే కౌన్సిలర్ జీవితంలో స్వర్ణయుగం. పోటీ గట్టిగా ఉంటే అతన్ని బెంగళూరో గోవానో తీసుకుపోతారు, అడిగిందల్లా పెడతారు, ఫోను మాత్రం లాక్కుంటారు. దీన్ని క్యాంపు అంటారు. 2021లో పులివెందులలో 33 వార్డులూ ఏకగ్రీవం కావడంతో ఎవరినీ దాచాల్సిన పని పడలేదు. అదే ఏడాది, అదే జిల్లాలో, 24 వార్డుల మైదుకూరులో టీడీపీకి 12, వైసీపీకి 11, జనసేనకు 1 వచ్చాయి. ఎమ్మెల్యే, ఎంపీల ఎక్స్‌అఫీషియో ఓట్లు కలిసేసరికి పీఠం 11 వచ్చినవాళ్లకు దక్కింది. మునిసిపాలిటీలో కూడికలు బడిలో నేర్పిన పద్ధతిలో ఉండవు.

ఆశపడినవాళ్లు ఇద్దరైతే పెద్దలు కూర్చోబెట్టి 'చెరి రెండున్నరేళ్లు' అని తీర్పు చెబుతారు. రెండో ఆయన మొదటి రోజు నుంచే క్యాలెండర్ చూస్తుంటాడు. మొదటి ఆయన ఇంట్లో క్యాలెండరే ఉండదు. ఇది చాలదన్నట్టు 2021లో వైస్‌చైర్మన్లను ఇద్దరిని చేశారు. చైర్మన్ దగ్గితే మొదటి వైస్‌చైర్మన్ పరామర్శకు వస్తాడు. మొదటి వైస్‌చైర్మన్ దగ్గితే రెండో ఆయన వస్తాడు.

సగం సీట్లు మహిళలవి. దాంతో 'కౌన్సిలర్ భర్త' అనే పదవి పుట్టింది. దానికి చట్టంలో చోటు లేదు గానీ సభ వెనక వరుసలో కుర్చీ ఉంటుంది. బోర్డు మీద పేరు ఆమెది, కింద సెల్ నంబరు ఆయనది. రెండో ఏటికి అజెండా ఆమే చదవడం మొదలుపెడితే, ఆయన బయట వరండాలో కాంట్రాక్టర్లతో టీ తాగుతూ కనిపిస్తాడు.

చైర్మన్ దినచర్య తెల్లవారకముందే బిందెల చప్పుడుతో మొదలవుతుంది.

"అన్నా, నీళ్లిడిసి ఐదు దినాలాయ."

"చెప్పినా కదక్కా, పైపు పగిలింది. పొద్దున ట్యాంకరు పంపిస్తా."

"ఏ పొద్దున?"

ఈ మూడో మాటకు ఏ చైర్మన్ దగ్గరా జవాబు లేదు. అసలు నీళ్లు ఆయన చేతిలో ఉంటే కదా! ఆదోని దాహం తీర్చే తుంగభద్ర దిగువ కాలువ కర్ణాటకలో పుడుతుంది. అందులోకి నీళ్లెప్పుడు వదలాలో తుంగభద్ర బోర్డు చెబుతుంది. 2024 ఆగస్టులో ఆ కాలువకు నీళ్లిచ్చే హోస్పేట డ్యాంలో 19వ గేటు కొట్టుకుపోయింది. బోర్డును నిలదీయాలంటే బస్సెక్కాలి. చైర్మన్‌ను నిలదీయాలంటే వీధి మలుపు తిరిగితే చాలు.

నెలకోసారి కౌన్సిల్ సమావేశం. లక్షల రూపాయల పనులు 'ఆమోదం, ఆమోదం' అంటూ టీ చల్లారేలోపు గట్టెక్కుతాయి. పందులు, కుక్కలు, వెలగని వీధి దీపాల దగ్గర మాత్రం సభ దద్దరిల్లుతుంది. ప్రతిపక్ష కౌన్సిలర్ ఖాళీ బిందెతో వచ్చి, ఫొటోగ్రాఫర్ వచ్చేదాకా ఆగి, అప్పుడు కోపం తెచ్చుకుని వాకౌట్ చేస్తాడు.

పనికి గుర్తు శిలాఫలకం. బేతంచెర్ల పాలిష్ బండ మీద ఎమ్మెల్యే పేరు రోడ్డు అవతలికి కనిపిస్తుంది. చైర్మన్ పేరు కనిపించాలంటే వంగి చూడాలి. మొదటి వానకు రోడ్డు లేచిపోతుంది, బండ చెక్కుచెదరదు. గుంతలో పడి లేచినవాడు వంగే ఉంటాడు గనుక చైర్మన్ పేరు అప్పుడు చదువుతాడు.

నాలుగేళ్లు నిండేదాకా అవిశ్వాసం పెట్టకూడదన్నది 2021 కౌన్సిళ్లకు వర్తించిన నియమం. ఈలోగా 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2025లో గడువు తీరగానే అనేక పట్టణాల్లో నోటీసులు పడ్డాయి, కౌన్సిలర్లు మళ్లీ క్యాంపులకు పెట్టె సర్దారు. వెళ్లేటప్పుడు ఒక కండువా, వచ్చేటప్పుడు ఇంకో కండువా.

గడువు ముగిసి ఎన్నికలు జరగకపోతే ప్రత్యేకాధికారి వస్తాడు. 2010 నుంచి 2014 దాకా, మళ్లీ 2019 నుంచి 2021 దాకా పట్టణాలు ఆ పాలనలోనే నడిచాయి. అప్పుడూ ఫైళ్లు కదిలాయి, పన్నులు వసూలయ్యాయి, నీళ్లు ఎప్పటి వంతునే వచ్చాయి. కానీ ఆఫీసరు గేటు దగ్గర బంట్రోతు ఉంటాడు. తెల్లవారకముందే బిందె పట్టుకుని వెళ్లి 'ఏ పొద్దున?' అని అడగడానికి వీలుండదు. ఆ వీలు కోసమే జనం మళ్లీ వరుసలో నిలబడి ఓటేసి, ఇంకో చైర్మన్‌ను తెచ్చుకుంటారు.