బొమ్మ ఎక్కని చట్రం

నేను కాన్వాసు బిగించే చెక్క చట్రాన్ని. బట్ట సాగదీసి మేకులు కొడితే, నా మీద కూడా ఎవరి ముఖమో వెలుస్తుందని ఆశపడ్డాను. నన్ను తెచ్చుకున్నది శామ్యూల్ మోర్స్ గారు, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ చెప్పే ఆచార్యులు.

యేల్ కాలేజీలో చదివే రోజుల్లోనే ఆయన దంతపు బిళ్ళల మీద చిన్న చిన్న ముఖచిత్రాలు వేసి, ఒక్కోటి 5 డాలర్లకు ఇచ్చి ఖర్చులు గడుపుకున్నారట. విద్యుత్తు పాఠాలు విన్నదీ అక్కడే. 1810లో పట్టా పుచ్చుకున్నారు. 1825లో వాషింగ్టన్‌లో ఫ్రెంచి సేనాని లఫాయెట్ చిత్రం వేస్తుండగా న్యూ హేవెన్‌లో భార్య పోయింది. ఉత్తరం అంది, ఆయన ఇల్లు చేరేసరికే ఖననం అయిపోయింది. ఆయన తర్వాత తయారుచేసిన టెలిగ్రాఫుకు ఆ దుఃఖమే మూలమని నేననను. ఆ ఆలోచన తట్టింది 1832లో, ఓడ ప్రయాణంలో. కానీ కబురు ఆలస్యమైతే ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఒకరోజు నన్ను బల్లకు నిలువుగా బిగించారు. పైనుంచి లోలకంలా ఓ కర్ర వేలాడదీసి, కొసన పెన్సిలు పెట్టారు. నా నడుముకు అడ్డంగా విద్యుదయస్కాంతం అమర్చారు. కింద గడియారపు చక్రాలు కాగితపు పట్టీని మెల్లగా లాగేవి. తీగలో కరెంటు పారితే అయస్కాంతం కర్రను చటుక్కున గుంజేది, ఆగితే వదిలేసేది. పెన్సిలు రంపపు పళ్ళలా గీత గీసేది. ఆ పళ్ళు లెక్కపెడితే అంకెలు. అంకెలను నిఘంటువులో వెతికితే మాటలు. ముఖాలు గీసిన చెయ్యి నా చేత మాటలు గీయించింది!

ఒక్కరి వల్ల అయిన పని కాదిది. తీగలో కబురు వెళ్ళే దూరం పెంచే కిటుకు తోటి ఆచార్యుడు లియోనార్డ్ గేల్ చెప్పారు. యంత్రానికి పనితనం తెచ్చింది భాగస్వామి ఆల్ఫ్రెడ్ వెయిల్. 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు కబురు వెళ్ళింది. అప్పటికి నా చోట వేరే యంత్రం వచ్చింది. ఆయనా కుంచె పక్కన పెట్టేశారు. అమెరికా చట్టసభ భవనంలో పెద్ద చిత్రం వేయాలన్న కోరిక 1837లోనే భగ్నమైంది. ఆ దెబ్బ ఆయన్ని ఎంత కుంగదీసిందో తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

యేల్ తన పూర్వ విద్యార్థిని మరచిపోలేదు. 1960లలో కట్టిన ఒక విద్యార్థి నివాస కళాశాలకు మోర్స్ పేరు పెట్టింది. అక్కడి పిల్లలు ఆయన్ని తలుచుకునేటప్పుడు మోర్స్ కోడ్ చుక్కలు, గీతలతోపాటు ఆ 5 డాలర్ల ముఖచిత్రాలను కూడా తలుచుకోవాలని నా కోరిక.

నేనిప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి సంరక్షణలో ఉన్నాను. నా మీద ఈనాటికీ కాన్వాసు లేదు.