ఎవరైనా బాగుచేసుకోవచ్చు

పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్ల గురించి అందరూ చెప్పే గొప్ప ఒకటుంది. వీటిలో కంప్యూటర్లుండవు, సెన్సర్లుండవు, నాలుగు పానాలూ ఒక స్క్రూడ్రైవరూ ఉంటే ఎవరైనా ఇంటిదగ్గరే బాగుచేసుకోవచ్చు అంటారు. అక్షరాలా నిజం. వచ్చిన చిక్కల్లా అదే. అరవై ఏళ్ళుగా ఎవరు పడితే వాళ్ళు బాగుచేసేశారు.

నా దగ్గరున్నది 1966 నాటి ఎంజీబీ. రెండు సీట్లు, గుడ్డ టాపు, తీగల చక్రాలు, 1,798 సీసీ ఇంజను. ఆక్స్‌ఫర్డ్‌కి దక్షిణాన అబింగ్డన్ అనే చిన్న ఊళ్ళో 1962 నుంచి 1980 దాకా ఈ రకం కార్లు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో చాలామటుకు అమెరికా వెళ్ళి ఎండలో సుఖపడ్డాయి. వెళ్ళని వాటిలో ఒకటి ఇంగ్లండు వానలో నాని, చలికాలం ఇక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు తిని, చేతులు మారి మారి, కవెంట్రీ శివార్లలో సాఫ్ట్‌వేరు పని చేసుకుంటూ బుద్ధిగా బతుకుతున్న నా గరాజులోకి వచ్చి పడింది. అమ్మినాయన "చిన్నా చితకా పనులు తప్ప ఇంకేం లేవు" అన్నాడు. మా ఆవిడ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "దీనికి మనం డబ్బులిచ్చామా, వాళ్ళిచ్చారా?" అంది.

ప్రభుత్వం మాత్రం నా పక్షమే. ఈ దేశంలో నలభై ఏళ్ళు దాటిన కారుకి రోడ్డు టాక్సు కట్టక్కర్లేదు. పెద్ద మార్పులేమీ చెయ్యకపోతే ఏటేటా చేయించే ఎంఓటీ పరీక్ష కూడా అక్కర్లేదు. నిన్నగాక మొన్న కొన్న కారుని మూడేళ్ళు నిండగానే నిలబెట్టి బ్రేకులు చూస్తారు, టైర్లు చూస్తారు. అరవై ఏళ్ళదాన్ని మాట మీద నమ్మేస్తారు. పెద్దవాళ్ళంటే ఇంత మర్యాద ఉన్న దేశం ఇంకోటి లేదు.

ఆ మర్యాద తుప్పుకి లేదు. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే రేకు పెట్టెల్ని సిల్లులంటారు. ఈ కారుకి విడిగా ఛాసిస్ లేదు, తల మీద ఇనప కప్పు లేదు, కాబట్టి బరువులో పెద్ద భాగం మోసేది ఆ సిల్లులే. అవి బాగున్నాయో లేదో తెలియాలంటే అయస్కాంతం పెట్టి చూడాలి. అతుక్కుంటే ఇనుము, జారిపోతే పుట్టీ. మా కారు ఎడమ సిల్లు మీద అయస్కాంతం ఏమాత్రం ఆసక్తి చూపించలేదు. గోకి చూస్తే పైన పెయింటు, దాని కింద పుట్టీ, దాని కింద కోళ్ళగూటికి వాడే వల, వల వెనక ఉండకట్టిన పాత న్యూస్‌పేపరు. ఎన్నేళ్ళుగానో ఈ కారుని నడిరోడ్డు మీద నిలబెట్టింది పత్రికారంగం.

ఈ సిల్లు కోసేముందు తలుపు సందులో అడ్డంగా ఇనప కడ్డీ వెల్డు చేసి ఊతం ఇవ్వాలి. లేకపోతే కారు నడుం కుంగుతుంది. కుంగినచోటే కొత్త సిల్లు అతికితే ఆ కుంగుడు శాశ్వతం. కుడివైపు ఎవరో సరిగ్గా అదే చేశారు. ఆ తర్వాత తలుపు పట్టలేదు. పట్టకపోతే తలుపు అంచు అరగదీశారు. అరగదీస్తే గొళ్ళెం అందలేదు. అందకపోతే దాని కింద వాషర్లు పేర్చారు. వాషర్లు పేర్చాక తలుపు పడింది గానీ అద్దం దిగడం మానేసింది. ఇది ఒక్కడి పని కాదని నా నమ్మకం. కనీసం ముగ్గురు యజమానులు తలా ఒక చెయ్యి వేసి ఉంటారు, ఒక్కొక్కడూ ముందువాణ్ణి తిట్టుకుంటూ. ఆఫీసులో నా ఉద్యోగం కూడా ఇదే. ఎవడో వెళ్ళిపోయినవాడు రాసిన కోడ్‌ కింద వాషర్లు పెట్టడం. కాకపోతే అక్కడ జీతమిస్తారు.

తుప్పు మరీ ముదిరితే ఇంకో దారి ఉంది. 1988 నుంచి ఈ కారుకి సరికొత్త బాడీ దొరుకుతోంది. పాత ఫ్యాక్టరీ అచ్చులు వెతికి తెచ్చి వాటితోనే కొట్టిస్తారు. అంటే పాత కారుని కొత్తగా కొనుక్కోవచ్చు. నాకు తెలిసిన ఒకాయన అదే చేశాడు. బాడీ కొత్తది, ఇంజను ఇంకో కారుది, సీట్లు కొత్తవి, వైర్లు కొత్తవి. 1971 కారు అని గర్వంగా చెప్పుకుంటాడు. నంబరు ప్లేటు నిజంగానే పాతది.

పానాల సంగతి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. లోకమంతా మిల్లీమీటర్లకి మారిపోయినా మా కారుకి అంగుళాల పానాలే కావాలి. ఏడు పదహారో వంతు, అర, తొమ్మిది పదహారో వంతు. సరే, ఎలాగో కొనుక్కున్నాం. అంతకు ముందుతరం కార్లకైతే విట్‌వర్త్ పానాలు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే మహానుభావుడు బోల్టులకి ఒక కొలత పెట్టాడు. ఆ పానా మీద వేసిన అంకె పానా నోటి వెడల్పు కాదు, బోల్టు ఒంటి మందం. అర అని రాసుంది కదా అని అర అంగుళం తలకి తగిలిస్తే ఊరికే చుట్టూ తిరిగొస్తుంది. ఎలక్ట్రికల్ సామాన్లకి బీఏ అని మరో జాతి చిన్న మరలు, వాటికి మరో పానాల పెట్టె.

ఇవన్నీ నేర్చుకున్నవాణ్ణి కూడా కూలబెట్టే కారు ఒకటుంది, 1945 నుంచి 1949 దాకా వచ్చిన ఎంజీ టీసీ. దాని కథ మా కవెంట్రీలోనే మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధంలో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి ఆయుధాల కంపెనీ ఇక్కడికొచ్చి మెషిన్ గన్ల ఫ్యాక్టరీ పెట్టింది. యుద్ధం ముగిశాక గన్లతో పనిలేకపోయింది. మారిస్ కార్లకి ఇంజన్లు చెయ్యడం మొదలెట్టారు. 1923లో మారిస్ ఆ ఫ్యాక్టరీనే కొనేశాడు. యంత్రాలు మాత్రం ఫ్రెంచివి, అవి కోసే మరలు మిల్లీమీటర్లవి. అన్నీ మార్చాలంటే తడిసి మోపెడవుతుంది. ఇంగ్లీషు మెకానిక్కుల చేతుల్లోనేమో విట్‌వర్త్ పానాలు. పెద్దమనుషులు కూర్చుని రాజీ కుదిర్చారు. బోల్టు ఒళ్ళు ఫ్రెంచిది, తల ఇంగ్లీషుది. ఎంజీ కూడా మారిస్ గూటిదే కాబట్టి ఆ అలవాటే తరాలు దాటి టీసీ ఇంజను దాకా వచ్చింది. ఇంగ్లండూ ఫ్రాన్సూ కలిసి చేసినవాటిలో ఇంత గట్టిగా బిగుసుకున్నది ఇంకోటి లేదు. ఆ బోల్టు ఒకటి పారేసుకున్నవాడు మాత్రం మామూలు కొట్లో కొనలేడు. బకెట్ నిండా పాత బోల్టులున్న ముసలాయన్ని వెతుక్కుంటూ పోవాలి.

ఇక కరెంటు. బర్మింగ్‌హామ్‌లో దీపాలూ డైనమోలూ చేసిన కంపెనీ పెట్టిన జోసెఫ్ లూకాస్‌ని ఈ కార్లవాళ్ళు చీకటి రాజ్యానికి యువరాజంటారు. ఆయన స్విచ్చికి మూడు మెట్లట. మసక, మిణుకు, మాయం. ఈ వేళాకోళాన్ని నేను ఒప్పుకోను. ఆ వైర్ల రంగులు చూసినవాడెవడూ ఒప్పుకోడు. గోధుమరంగు వైరులో ఎప్పుడూ కరెంటుంటుంది. తెల్లదానిలో తాళం తిప్పాక వస్తుంది. ఆకుపచ్చది ఫ్యూజు దాటొచ్చింది. నీలం హెడ్‌లైట్లకి, ఎరుపు వెనక దీపాలకి, నలుపు ఎర్తుకి. చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే పద్ధతి. దీపం వెలగలేదంటే ఎక్కువసార్లు కారణం తుప్పుపట్టిన ఎర్తు దగ్గరే ఉంటుంది, గరుకు కాగితంతో రుద్దితే సరిపోతుంది.

మా కారు డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూస్తే అన్నీ నలుపే. ఎవరో పొదుపరి టేబుల్ లాంపు వైరు చుట్టకి చుట్ట కొనేసి, చివరి అంగుళం దాకా వాడేశాడు. ఎడమవైపు ఇండికేటర్ వేస్తే వైపర్ ఒక్కసారి లేచి చూసి పడుకునేది. ఈ కారు మొత్తానికి రెండే ఫ్యూజులు. అందులో ఒకదాని స్థానంలో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి పెట్టారు. పైగా 1967 దాకా ఈ కార్లన్నిటికీ ప్లస్సే ఎర్తు, అంటే కారు ఇనుమంతా ప్లస్సు. సీట్ల వెనక నేలలో ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు, ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఈ సంగతి తెలియని వాడొకడు ఎప్పుడో ఇందులో మామూలు కారు రేడియో బిగించాడు. ఆ రేడియో ఎంతసేపు పాడిందో గానీ, అది కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

ఈ కారు భాగాల్లో కొన్నిటిని సుత్తితో తప్ప పలకరించలేం. చక్రాలకి నాలుగు బోల్టులుండవు. మధ్యలో రెండు చెవులున్న పెద్ద నట్టు ఒక్కటే. రాగి సుత్తితో ఆ చెవి మీద కొట్టాలి. కుడివైపుదీ ఎడమవైపుదీ ఎదురెదురు దిక్కుల్లో ఊడతాయి, ఎటు కొట్టాలో నట్టు మీదే బాణం గుర్తుంటుంది. పెట్రోలు పంపు వెనక చక్రం దగ్గర, కారు పొట్ట కింద ఉంటుంది. తాళం తిప్పగానే టిక్ టిక్ మనాలి. అనకపోతే లోపల పాయింట్లు అంటుకుపోయాయని అర్థం. కిందికి దూరి ఒకటి తగిలిస్తే మళ్ళీ మొదలవుతుంది. ఒక ఆదివారం చక్రం కొట్టి, పంపు కొట్టి పైకి లేచేసరికి పక్కింటి ముసలావిడ కంచె మీదుగా చూస్తోంది. "ఇంట్లో అంతా బాగానే ఉంది కదా?" అని అడిగి, నా జవాబు పట్టించుకోకుండా మా ఆవిడ కోసం లోపలికి వెళ్ళి కూర్చుంది.

వేసవిలో రాజమండ్రి నుంచి మామగారొచ్చారు. లుంగీ మీద స్వెట్టరు, మెడకి మఫ్లరు. జెట్ లాగ్ తీరకముందే గరాజులోకొచ్చి, బానెట్ ఎత్తించి, ఇంజను వంక కాసేపు చూసి అన్నారు.

"అల్లుడుగారూ, ఇది మన అంబాసిడరే కదండీ?"

స్పోర్ట్స్ కారు పట్టుకుని అంత మాట! కానీ కాదనడానికి లేదు. అంబాసిడర్‌లో చాలాకాలం ఉన్న 1,489 సీసీ ఇంజనూ, ఎంజీబీకి ముందొచ్చిన ఎంజీఏలోని 1,489 సీసీ ఇంజనూ ఒక్క కుటుంబమే. మా 1,798 ఆ ఇంటి చిన్నవాడు. మూడింటి తండ్రీ ఆస్టిన్ కంపెనీ తరఫువాడే కాబట్టి బంధుత్వం దాచినా దాగదు. మామగారు ముప్ఫై ఏళ్ళు అంబాసిడర్ నడిపిన మనిషి. కార్బురేటర్ల గుండ్రటి బుడ్డీలు చూడగానే మొహం వెలిగిపోయింది.

"ఎస్‌యూ! మా బండికి ఒకటి, మీ బండికి రెండు. అంతేగా తేడా."

ఆ రెండు కార్బురేటర్లనీ సమానం చెయ్యడానికి పుస్తకాలు చెప్పే పద్ధతి ఏమిటంటే, రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బురేటర్ నోట్లో పెట్టుకుని బుస వినాలి. రెండు బుసలూ ఒక్కలా ఉండాలి. డాక్టరు వేషంలో నేను అటూ ఇటూ తిరుగుతుంటే మామగారు ఆపమన్నారు. చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని, "వెనకది ఎక్కువ పీలుస్తోంది" అన్నారు. సరిచేశాక, ముందు కార్బురేటర్ కిందున్న చిన్న పిన్ను వేలితో నొక్కి పిస్టన్ కాస్త పైకి లేపారు. ఇంజను జోరందుకుని అలాగే ఉండిపోయింది. "పెట్రోలు ఎక్కువ తాగుతోంది. కింద నట్టు ఒక్క మూల పైకి తిప్పండి, ఒక్కటే." తిప్పాను. మళ్ళీ లేపారు. ఈసారి కొంచెం ఉలిక్కిపడి సర్దుకుంది. "అదీ!" అన్నారు. అలా ఉలిక్కిపడి సర్దుకుంటేనే పాలు సరిగ్గా ఉన్నట్టు. ఉలిక్కిపడకుండా ఆగిపోతే పెట్రోలు చాలనట్టు. ఇదంతా నేను పుస్తకాల్లో చదువుకున్నాను, ఆయన కొవ్వూరు వంతెన మీద ఆగిపోయి నేర్చుకున్నారు.

వారిక్ దాకా షికారు వెళ్దామని అందరం... అంటే ఇద్దరం, సీట్లు రెండే కాబట్టి మా ఆవిడ గుమ్మంలో నిలబడింది... బయల్దేరబోతుంటే చోక్ లాగగానే ఏదో టక్కుమంది. చోక్ లింకు దగ్గర బుల్లి స్ప్లిట్ పిన్ను విరిగింది. విలువ పది పెన్నీలు ఉండదు. ఆదివారం సాయంత్రం, ఏ షాపూ లేదు.

"అమ్మాయ్, ఓ పిన్నీసు పట్రా" అన్నారు మామగారు.

"నాన్నా, ఇది చీర కాదు."

"తే అంటున్నానా!"

తెచ్చింది. ఆయన దాన్ని సాగదీసి, పటకారుతో కొస వంచి, లింకులో దోపి, మొన లోపలికి తిప్పారు. చోక్ పట్టింది. ఇంజను మోగింది. ఆయన డ్రైవ్ చెయ్యడానికి ఇన్సూరెన్సు ఒప్పుకోదు గనక పక్కన కూర్చున్నారు గానీ, బండి నడిపింది ఆయనే. ఈ కారుకి మొదటి గేరులో సింక్రో లేదు. కదులుతుండగా వేస్తే గరగరలాడుతుంది. ప్రతి మలుపులోనూ "క్లచ్చి... న్యూట్రల్... ఒక్కసారి వదిలి ఆక్సిలరేటర్ ముట్టుకోండి... మళ్ళీ క్లచ్చి... ఇప్పుడు వెయ్యండి" అని గేరు గేరుకీ చెప్పారు. వారిక్‌లో కోట చూడలేదు. పార్కింగులో ఇంకొకాయన స్పిట్‌ఫైర్ కారు కనబడితే, "ఇది మద్రాసులో చేసిన స్టాండర్డ్ హెరాల్డ్‌కి తమ్ముడు" అని ఆయనకే పరిచయం చేసి, బానెట్ ఎత్తించి, గంటసేపు అక్కడే ఉన్నారు. అదీ నిజమే, ఆ రెండింటి ఛాసిస్‌కీ మూలం ఒకటే.

మామగారు వెళ్ళిపోయారు. నా దగ్గర ఇప్పుడు ఆ సైజు స్ప్లిట్ పిన్నులు ఒక పొట్లం నిండా ఉన్నాయి. పిన్నీసు మాత్రం లింకులోనే ఉంది. ఈ కారు అమ్మేరోజు వస్తే ముందు అది తీసెయ్యమని మా ఆవిడ చెప్పింది, పరువు పోతుందిట. తియ్యను. తర్వాత కొనుక్కునేవాడు బానెట్ ఎత్తగానే ఎవడ్రా ఈ పని చేసిందని అడగాలి, నేను "తెలీదండీ, నేను కొన్నప్పటికే ఉంది" అనాలి. నాకు చెప్పినవాళ్ళందరూ అలాగే చెప్పారు.