పిండిమర - పిండపాతికులు

గడచిన ఆదివారమున మా మనుమడు పాఠ్యపుస్తకములో నీటిమర బొమ్మను చూచి, "తాతయ్యా, దీన్ని చూపించవా?" అని అడిగినంతనే, కోచింగు కేంద్రములకు ఆటపట్టయిన దిల్‌సుఖ్‌నగరులో చిరకాలము కాపురముండుటచే సంక్రమించిన ఉపన్యాసధోరణితో, గుట్టలలోని ఊటనీటిని మట్టిగొట్టముల గుండ తెచ్చి, ఎత్తునుండి దూకించి, ఆ ధాటికి చక్రమును, దానితో తిరుగటిరాతిని త్రిప్పి, ఫకీరులకును యాత్రికులకును పిండి విసరి పెట్టిన ఔరంగాబాదు పన్‌చక్కీ 1956 వరకు మన హైదరాబాదు రాష్ట్రములోనిదే యనియు, రాష్ట్రముల పునర్విభజనలో మర అటు పోయి గోధుమలసంచి ఇటు మిగిలినదనియు విశదీకరించితిని.

ఆ కడపటి మాట వంటయింటికి వినబడుట నా ప్రారబ్ధము. "ఏమండీ, సంచి ఇటే ఉందిగా! ముందు ఆ అయిదు కిలోలూ పట్టించుకు రండి" అని గృహిణి సెలవిచ్చినది.

గిర్నిలో సంచిని వరుసన నిలిపితిమో లేదో, కరెంటు పోయినది. "నీటిమరకైతే కరెంటు పోదు కదా, తాతయ్యా!" అని మనుమడనగా, గిర్నివాడు నా వంక చూచిన చూపును వర్ణింప నాకు శక్తి చాలదు.

"గంటాగి రండి" అన్నాడతడు. ఆ గంటను సార్థకము చేయనెంచి, ఎల్బీనగరు పోవు మెట్రో నెక్కి, మరుసటి స్టేషనగు చైతన్యపురిలో దిగి, మూసీయొడ్డున కోసగుండ్ల నరసింహస్వామి గుట్టకు పోయితిమి. ఆ చేరువ బండపై, చార్మినారుకంటె వేయేండ్లకు పైగా పెద్దదియైన, అయిదవ శతాబ్దపు విష్ణుకుండిన గోవిందవర్మ కాలపు శాసనము బ్రాహ్మీలిపిలో చెక్కబడియున్నది.

"ఇది ఏ మీడియం, తాతయ్యా?"

"ప్రాకృతం మీడియం, నాయనా."

"దీనికి కోచింగ్ ఎక్కడిస్తారు?"

మా పేటలో ఈయనిది అదొక్కటే యని ఒప్పుకొనక తప్పినది కాదు. గోవిందరాజ విహారమును, అందలి పిండపాతికులను ఆ శాసనము పేర్కొనుచున్నదనియు, పాత్రలో పడిన భిక్షాన్నమునే భుజించుట పిండపాతికుల వ్రతమనియు చెప్పి, సంచి మోయ నక్కరలేని ఆ మహానుభావులకు మనసులోనే నమస్కరించితిని.

ఆ నమస్కారములో గంట రెండయినది. తిరిగి వచ్చుసరికి గిర్నికి తాళము, సంచి లోపల. గోధుమలు తీసికొనిపోయి, పిండియు లేక గోధుమలును లేక ఇల్లు చేరిన మగనితో ఏ యిల్లాలైనను ఏమి మాటలాడును? ఆ రాత్రి మా యింట మాటలు లేవు. ఉదయపు ఉప్మాలో మిగిలినది నా పళ్లెములో పడినది. పడినదానిని, ఇదేమని యడుగక, మారు కోరక, తల వంచుకొని భుజించితిని. పదునైదు వందల యేండ్లనాటి ఆ భిక్షువులకును నాకును భేద మొక్కటే: వారు ఆ వ్రతమును కోరి పూనిరి.