అల్లం బాబాయి

మిషిగన్‌లో జనవరి. బయట మోకాలిలోతు మంచు. భోజనానికి పిలిచిన అల్లం బాబాయి మనం చేతులు కడుక్కునేదాకా ఓర్చుకుంటాడు. ఆ తర్వాత, "కోట్లు తొడుక్కోండి, దొడ్లోకెళ్దాం" అంటాడు. దొడ్లో గాజు గది. లోపల అడుగు పెట్టగానే కళ్లజోడుకి ఆవిరి పట్టి ఏమీ కనిపించదు. బాబాయి అప్పటికే వర్ణన మొదలెట్టేసి ఉంటాడు.

ఈ జాతి పెద్దమనుషులు మన అమెరికా ఊళ్లలో అక్కడక్కడా తగులుతుంటారు. పచ్చటాకు చూస్తే జాలిపడతారు. ఆకుమీద పసుపు చారలుండాలి. బాబాయి గదిలో ఉన్నది అల్పీనియా జెరంబెట్ వేరిగేటా. "అల్లం, పసుపు, ఏలక్కాయ దీనికి దాయాదులు. వాసన చూడండి" అంటాడు. ఆకు నలిపితేగాని వాసన రాదు. నలపనివ్వడు.

ఆ గదిలో వేడి 70కి తగ్గకూడదు. ఇంట్లో మాత్రం 64. "కరెంటు బిల్లు చూశావా?" అంటాడు. పిన్ని శాలువా కప్పుకునే వంట చేస్తుంది. హీటరు వేడికి గాలి ఎండితే ఎర్రనల్లి పడుతుందని మొక్కలమీద పొద్దస్తమానం నీళ్లు చిమ్ముతుంటాడు. పొడిగాలికి చేతులు పగులుతున్నాయి, ఇంట్లోకో హ్యూమిడిఫయర్ కొనమని పిన్ని అడిగితే, "చూద్దాంలే."

గుబురులో ఎప్పుడైనా చారల్లేని పిలక లేస్తుంది. దానికి పత్రహరితం ఎక్కువ కాబట్టి ఏపుగా పెరిగి చారల పిలకల్ని తొక్కేస్తుంది. బాబాయి దాన్ని దుంపతో సహా పెకలిస్తాడు. ఆరోగ్యంగా పుట్టడమే అది చేసిన నేరం!

పూత ఇంకో కథ. ముందటేడు లేచిన కాడలకే పూలొస్తాయి. కాడ చలికి చచ్చిందా, ఆ ఏడు పూత లేనట్టే. అందుకే నిరుడు హీటరు చెడిపోయిన రాత్రి కుండీలకి కంబళ్లు చుట్టి గెస్టు రూములో పెట్టాడు. ఆ గదిలో ఉన్న పిన్ని తమ్ముడు సోఫాలోకి మారాడు, కంబళి లేకుండా.

ఎట్టకేలకు గవ్వల్లాంటి మొగ్గలు వేలాడాయి. వీడియో కాల్‌లో అన్నగారికి చూపించాడు. ఆయనుండేది కడియం పక్కన.

"ఇదేరా? ఇక్కడ నర్సరీల్లో కవర్లలో వరసలు కట్టి అమ్ముతారు. మన నూతిగట్టు దగ్గర ఒకటి వేస్తే అడివిలా పెరిగింది. కొట్టించేద్దామనుకుంటున్నా."

బాబాయి గుటకేశాడు.

"పూసిందా?"

"ఎప్పుడూ పూస్తూనే ఉంటుంది."

కాసేపు మాట రాలేదు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"హీటరు ఎంతమీద పెట్టావన్నయ్యా?"