ఉంచుకోమన్న పెద్దాయన

పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మధ్య తిరిగేవాళ్ళలో ఆ పెద్దాయన్ను ఎరగనివాళ్ళు తక్కువ. అందరూ కాంపౌండరు అనే పిలుస్తారు. వయసులో ఉన్నప్పుడు ప్రొద్దుటూరులో ఒక స్కానింగు సెంటరులో పనిచేశాడు. ఆ సెంటరు మూతపడి చాలా కాలమైంది, పేరుతో పనిలేదు. కొన్నేళ్ళుగా ఆయనకు ఒకటే ధ్యాస. పెళ్ళి కానీ, శ్రీమంతం కానీ, గుళ్ళో భజన కానీ, నలుగురు చేరిన చోటల్లా మైకు అడిగి తీసుకుని, కడుపులో బిడ్డను చంపొద్దని చెప్తాడు. కరపత్రాలు సొంత డబ్బుతో అచ్చేయిస్తాడు. బస్సు చార్జీ కూడా ఎవరినీ అడగడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడుస్తాడు. ఆ ఏడుపు నటన కాదని విన్నవాళ్ళంతా ఒప్పుకుంటారు, నాతో సహా.

ఆయన ఉపన్యాసంలో మొదట వచ్చేది పాత సంగతి. కడుపులో ఉన్నది ఆడో మగో కాగితం మీద రాసేవాళ్ళు కాదట. నోటితో చెప్పేవాళ్ళూ కాదట. బయట బెంచీ మీద కూర్చున్న అత్తో మొగుడో లేచి నిలబడితే, లోపల్నుంచి వచ్చిన మనిషి గోడమీది పటాల వైపు చెయ్యి చూపేవాడట. లక్ష్మీదేవి పటం చూపితే ఆడపిల్ల. వెన్నముద్ద పట్టుకున్న చిన్నికృష్ణుని పటం చూపితే మగపిల్లోడు. "ఆ రెండు పటాలకూ రోజూ పొద్దున్నే ఊదుబత్తీలు ముట్టించేది నేనే" అని చెప్పి ఆయన కాసేపు ఆగుతాడు. జనం కూడా ఊపిరి బిగబట్టి వింటారు.

తర్వాత వచ్చేది ఆయన చెప్పుకునే పుణ్యం. "ఒక్కసారి మాత్రం నా నోట మంచిమాట వచ్చింది. జమ్మలమడుగు నుంచి వచ్చిన మొగుడూ పెండ్లాలకు చెప్పినా. ఉంచుకోండి, ఈ బిడ్డను ఉంచుకోండి అన్యా. వాళ్ళు నా మాట విన్యారు. ఆడబిడ్డ పుట్టింది. ఈ పొద్దు నర్సు ఉద్యోగం చేస్తాంది. రేపు నేను పైకి పోతే దేవునికి చూపించుకునేదానికి నాకాడ ఉండేది ఆ ఒక్క బిడ్డే." ఈ మాట దగ్గర ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

కడుపులో బిడ్డ మీద ఆయనకున్న కరుణను నేను చిన్నచేసి మాట్లాడను. ఆడపిల్లల గురించి ఆయన చెప్పేదీ నిజమే. 2001 జనాభా లెక్కల్లో మన కడప జిల్లాలో ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యి మందికి ఆడపిల్లలు 950 దాకా ఉన్నారు. 2011 వచ్చేసరికి 920 లోపుకు పడిపోయారు. 2015 జనవరిలో కేంద్ర ప్రభుత్వం బేటీ బచావో బేటీ పఢావో పథకం మొదలుపెట్టి, దేశం మొత్తం మీద ఆడపిల్లలు తగ్గిపోతున్న వంద జిల్లాలను ఎంచినప్పుడు అందులో మన కడప చేరింది. పుట్టబోయేది ఆడో మగో చెప్పడం నేరమనే చట్టం 1994లో చేశారు, 1996 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చారు. తొలిసారి దొరికితే మూడేళ్ళ దాకా జైలు అని అందులో రాసే ఉంది. అంటే మన జిల్లాలో ఆడపిల్లలు అంతగా తగ్గింది చట్టం లేక కాదు, చట్టం ఉండగానే. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

నాకు ఆయనతో పేచీ వేరే చోట. ఇంత చెప్పి, చివరికి ఆయన గర్భస్రావానికి వీలిచ్చిన 1971 చట్టం మీద పడతాడు. ఆడపిల్ల అని తెలుసుకుని తీయించడానికీ, ప్రాణం మీదికొచ్చినామె గర్భం తీయించుకోవడానికీ తేడా పెట్టడు. అన్నీ హత్యలే, అసలు గర్భస్రావం అనేదే ఉండగూడదు అంటాడు.

పోయిన మాఘమాసంలో ఆయన ఒక సంబంధం తెచ్చాడు. అబ్బాయిది పులివెందుల దగ్గర చీనీ తోటలున్న ఇల్లు. 34 ఏళ్ళు. ఆరేడేళ్ళుగా పిల్లను వెతుకుతున్నారు. మొదట్లో కట్నం ఇంత, బంగారం ఇంత అన్నవాళ్ళే, తర్వాత కట్నం వద్దన్నారు, ఆ తర్వాత పెళ్ళి ఖర్చు కూడా మేమే పెట్టుకుంటాం అన్నారు. మా వైపు ఇప్పుడు ఏ ఊరికి పోయినా ఇలాంటి ఇళ్ళు కనబడతాయి. తోట ఉంటుంది, బోర్లో నీళ్ళుంటాయి, మిద్దె ఉంటుంది, పిల్ల మాత్రం దొరకదు.

ఆయన తెచ్చిన సంబంధం ఎవరికంటే, తాను బతికించానని ఊరూరా చెప్పుకునే ఆ అమ్మాయికే. జమ్మలమడుగులో వాళ్ళింటికీ మా ఇంటికీ గోడ ఒకటే. పెళ్ళిచూపులకు నన్నూ పిలిచారు. ఓళిగలు, మిరపకాయ బజ్జీలు చేశారు. తాడిపత్రి నుంచి వాళ్ళ అక్క పిల్లల్ని తీసుకుని వచ్చింది. అక్కకూ ఈ అమ్మాయికీ ఆరేళ్ళ ఎడం. వాళ్ళమ్మ సంగతి చెప్పాలంటే, ఇన్నేళ్ళ పొరుగులో ఆమె నాలుగు మాటలు కలిపి మాట్లాడగా నేను విన్నది లేదు. ఆ రోజూ వంటింటి వాకిలి దాటి రాలేదు.

అబ్బాయి తల్లి మంచి మనిషిలాగే కనబడింది. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది. "అన్నీ బాగుండాయి గానీ, ఎనిమిదేండ్లు ఎడం వస్తాది కదమ్మా, అదొక్కటే నా మనసులో పీకుతాంది" అని తనే బయటపెట్టింది. తర్వాత ఏం ఉద్యోగమని అడిగింది. కాన్పుల వార్డులో నర్సునని అమ్మాయి చెప్పింది.

కాంపౌండరు అందుకున్నాడు. "అబార్షన్లు చేసే కాడ నువ్వు పనిచేయొద్దు తల్లీ. అమెరికా అంతటి దేశంలోనే 2022లో సుప్రీంకోర్టు ఆ హక్కు లేదనింది. మన దేశంలో ఎందుకు ఉండల్ల?"

పెళ్ళిచూపుల్లో ఇలాంటి మాట వస్తే తలొంచుకుని ఊరుకునే పిల్లలను చూశాను. ఈ అమ్మాయి ఊరుకోలేదు, అట్లని గొంతూ పెంచలేదు.

"తాతా, మా వార్డులో రిటైరైన ఒక సిస్టరు చెప్పేది. ఈ చట్టం రాకముందు జిల్లేడు పుల్ల పెట్టించుకుని, లోపలంతా చీము పట్టి వచ్చేవాళ్ళంట. అందుకే కదా శాంతిలాల్ షా కమిటీ వేసి, 1971లో చట్టం చేసింది. అది తీసేస్తే కడుపు తీయించుకోవడం ఆగదు. మళ్ళా పుల్ల కాడికి పోతారు."

"ఆడపిల్లలను చంపేది ఆ చట్టమే కదమ్మా?"

"కాదు తాతా. ఇప్పుడు ఎక్కువగా మాత్రలతోనే పోతాది, అదీ తొమ్మిది వారాల లోపల. అప్పటికి స్కానింగులో ఆడో మగో తెలియనే తెలియదు. తెలిసేది మూడో నెల దాటినాక. తెలిసినాక తీయించేవాళ్ళు రిజిస్టరులో ఆడపిల్ల అని రాయించుకోరు. కుటుంబ నియంత్రణ సాధనం ఫెయిలయింది అని రాయిస్తారు. ఆ అబద్ధాన్ని పట్టుకోండి. నిజంగా అవసరమొచ్చి వచ్చినామెను ఎందుకు పట్టుకుంటారు?"

ఆమె అక్కడితో ఆపలేదు. సవితా హలప్పనవర్ సంగతి చెప్పింది. మన పక్కనుండే కర్ణాటక ఆడబిడ్డ, పంటి డాక్టరు, ఐర్లండులో కాపురం. 2012 అక్టోబరులో 17 వారాల గర్భం నిలిచేలా లేదని తేలింది. తీసేయండని అడిగితే, బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోందని ఆస్పత్రివాళ్ళు తీయలేదు. రక్తంలో విషం పాకి 31 ఏళ్ళకే ఆమె చనిపోయింది. బిడ్డా దక్కలేదు. 2018లో ఐర్లండు జనమే ఓట్లేసి రాజ్యాంగంలోని గర్భస్రావ నిషేధాన్ని తీసేయించారు. ఇక్కడ మన సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న, పెళ్ళయినా కాకపోయినా 24 వారాల దాకా చట్టం ఆడవాళ్ళందరికీ ఒకటే అని తీర్పు చెప్పింది.

"చట్టంలో ఇంకొకటి కూడా ఉంది తాతా. మేజరైన మనిషికి ఆమె ఒప్పుకోలు ఒక్కటే చాలు. మొగుని సంతకం అవసరం లేదు. కానీ మా వార్డులో ఏం చూస్తానో తెలుసా? తీసేయమని తీసుకొచ్చేదీ ఇంటోళ్ళే, తీయొద్దని ఈడ్చుకుపోయేదీ ఇంటోళ్ళే. మంచం మీద ఉండే మనిషిని, నీకేం కావాలని అడిగినోళ్ళు ఎంతమంది?"

గర్భస్రావం మీద నేను చదివిన వ్యాసాలకు లెక్కలేదు. బిడ్డ ప్రాణం అనేవాళ్ళవీ చదివాను, ఆడదాని హక్కు అనేవాళ్ళవీ చదివాను. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆ వాదాలన్నీ నాకు పక్కకు తప్పుకున్నట్టే అనిపించింది. అడగకుండా తీయించడమైనా, అడగకుండా మోయించడమైనా దౌర్జన్యమే. నా మట్టుకు నేను ఇందులో రెండో మాట ఒప్పుకోను.

అబ్బాయి తండ్రి గొంతు సవరించుకున్నాడు. అబ్బాయి మాత్రం అమ్మాయి వైపే చూస్తున్నాడు, నచ్చినట్టే ఉంది. కాంపౌండరు ముఖం చిన్నబోయింది. కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"చట్టాలూ కోర్టులూ నాకు తెలీవు తల్లీ. నేను చదువుకోలా. నాకు తెలిసిందొకటే. ఆ పొద్దు నేను ఉంచుకోమనకపోతే, ఈ పొద్దు ఈడ కూర్చుని ఇన్ని మాటలు చెప్పేదానికి నువ్వే ఉండేదానివి కాదు. నేను చెప్పేది అబద్ధమైతే మీ నాయన్నే అడుగు."

అందరూ తండ్రి వైపు తిరిగారు. ఆయన నేల చూపులు చూస్తూ, "నిజమే. ఉంచుకోమని చెప్పినాడు" అన్నాడు.

అమ్మాయికి ఇక మాట రాలేదు. తన ప్రాణమే ఎదురు సాక్ష్యంగా వచ్చి నిలబడితే ఎవరైనా ఏం మాట్లాడతారు? అబ్బాయి తల్లి కాంపౌండరుకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "నీ పుణ్యాన మాకు కోడలు దొరుకుతాంది సామీ" అంది.

అప్పుడు వంటింటి వాకిట్లోంచి వాళ్ళమ్మ వచ్చింది. చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం. పళ్ళేన్ని టీపాయి మీద పెట్టి, ఒక్కో గ్లాసూ ఒక్కొక్కరి ముందర జరిపింది. కాంపౌండరు ముందర కూడా పెట్టింది.

"ఉంచుకోమనే చెప్పినాడు. నేను కాదనను" అంది. "కృష్ణుని పటం చూపించి చెప్పినాడు."

ఎవరూ కదల్లేదు. కాంపౌండరు గ్లాసు అందుకోబోయిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"మగబిడ్డ అని ఈయప్ప సంతోషంతో ఐదు నూర్లు తీసి ఆయన చేతిలో పెట్టినాడు. జేజి ఊరంతా చక్కెర పంచింది. నెలలు నిండినాక చూస్తే ఇది పుట్టింది. నెల దాకా జేజి దీని మొగం చూల్యా." ఆమె గొంతులో కోపం లేదు. ఇంటి లెక్క ఒప్పజెప్తున్నట్టు చెప్పుకుపోయింది. "దీనికి ముందు రెండు తూర్లు పోయినాం ఆయన కాడికి. రెండు తూర్లూ లక్ష్మీదేవి పటం చూపించినాడు. ఉంచుకుంటావా అని నన్ను ఒక్కరూ అడగలా. ఆ రెండు తూర్లూ ఆయన చెప్పింది తప్పుపోలేదు. తీసినాక నేను చూసినా."

తర్వాత అబ్బాయి తల్లి వైపు తిరిగింది.

"ఈడు ఎడం ఎక్కువయితాంది అంటివే వదినా. ఆ ఇద్దర్లో పెద్దది ఉండింటే, మీ పిల్లోనికి సరిగ్గా సరిపోయేది."