కారణం రాయాలట

మా మనవరాలికి కారణాలు కావాలి. మామూలుగా అడిగినా బాగుండేది. ఆ పిల్ల డాలస్‌లో మనబడికి వెళ్ళి తెలుగు నేర్చుకుంది. అందుకని "తాతయ్య గారూ, గడపకు పసుపు రాయుటకు గల కారణమేమిటి?" అని పరీక్ష పేపర్లో అడిగినట్టు అడుగుతుంది. మన ఇళ్ళల్లో ఎవరైనా ఇలా మాట్లాడితే ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టుకు చూస్తాం.

దీనంతటికీ మూలం జపాన్. మా అల్లుణ్ణి కంపెనీవాళ్ళు ఒసాకా పంపుతూ, అక్కడ ఎలా మసలుకోవాలో అమెరికావాళ్ళకు చెప్పే పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. అల్లుడు చదవలేదు. పిల్ల చదివింది. చదివి ఊరుకోక, "మన విజయవాడకు కూడా ఇట్లాంటిది మీరు రాయాలి, ఆచారం ఒకవైపు, కారణం ఒకవైపు, బడిలో ప్రాజెక్టు" అంది. వాళ్ళమ్మ వెనకనుంచి "నాన్నా, ఖాళీగానే ఉంటారుగా" అని వత్తాసు. రిటైరైన మనిషికి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

ఆ పుస్తకంలో ఏముందో ఫోన్లో చదివి వినిపించింది. ఇంట్లోకి చెప్పులతో రాకూడదు. బాత్‌రూమ్‌కి వేరే చెప్పులుంటాయి, వాటితో హాల్లోకి వస్తే పరువు పోతుంది. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చకూడదు, అది చచ్చిపోయినవాళ్ళకు పెట్టే తీరు. టిప్పు ఇవ్వకూడదు. విజిటింగ్ కార్డు రెండు చేతులతో పుచ్చుకోవాలి. క్యోటోలో ఎవరింటికైనా వెళ్ళినప్పుడు వాళ్ళు "కాస్త టీ పోసిన అన్నం తింటారా" అన్నారంటే, ఇక దయచేయమని అర్థం అంటారట. ఇది విన్నాక మా ఆవిడకు జపాన్‌వాళ్ళ మీద అమాంతం గౌరవం పెరిగింది. మనకు ఆ సదుపాయం లేదు. ఏదో మర్యాదకి "భోంచేసి వెళ్ళండి" అంటాం. ఏలూరు రోడ్డు మీద ట్రాఫిక్ తగ్గేదాకా కూర్చుందామని వచ్చిన మనిషి నిజంగానే కాళ్ళు కడుక్కుని వచ్చేస్తాడు.

జపాన్ గురించి అమెరికావాళ్ళకు చెప్పడం పాత పనే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా ప్రభుత్వం రూత్ బెనెడిక్ట్ అనే ఆవిడకు ఆ పని అప్పగించింది. యుద్ధం జరుగుతుంటే శత్రుదేశం వెళ్ళడం కుదరదు కదా, అమెరికాలో ఉన్న జపాన్‌వాళ్ళనీ పుస్తకాలనీ సినిమాలనీ పట్టుకుని ఆ పని కానిచ్చింది. 1946లో పుస్తకం అచ్చయింది. జపాన్ గడ్డ మీద ఆవిడ కాలు పెట్టనే లేదు. నేను పుట్టి బుద్ధెరిగి బెజవాడ దాటకుండా ఉన్నాను, ఒక్క పేజీ రాయలేకపోతున్నాను. దూరంగా ఉండటంలో ఏదో సుఖం ఉన్నట్టుంది.

అట్లాగని దగ్గరికొచ్చినా పని జరుగుతుందని కాదు. 2016లో జపాన్ ఆర్కిటెక్టు ఫుమిహికో మాకి సంస్థ మన అమరావతి భవనాల పోటీలో గెలిచింది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు చూస్తూ పెరిగిన జనానికి ఆ అసెంబ్లీ బొమ్మలో కూడా పొగగొట్టాలే కనిపించాయి. తర్వాత పని లండన్ ఫోస్టర్ వాళ్ళ చేతికి వెళ్ళింది. మనకూ జపాన్‌కూ మధ్య ఎవరో ఒక పేజీ రాసి ఉండాల్సింది.

ఇక మా బావమరిది. ప్రతి ఆచారానికీ అతని దగ్గర శాస్త్రీయ కారణం సిద్ధంగా ఉంటుంది. ఉదయం పాలు రాకముందే అతని ఫార్వర్డ్ వస్తుంది. బొట్టు పెట్టుకుంటే నుదుటి మీద ఏదో నరం నొక్కుకుంటుందట. మామిడి తోరణం ఆక్సిజన్ వదులుతుందట, అదీ కోసి కట్టాక. ఉత్తరం వైపు తలపెట్టుకుంటే భూమి అయస్కాంతం రక్తంలో ఇనుమును లాగేస్తుందట. "బావగారూ, ఇవన్నీ పాపకు పంపండి, మన పూర్వీకులు సైంటిస్టులని వాళ్ళ టీచరుకు తెలియాలి" అంటాడు. మా అత్తగారు జీవితమంతా గడపకు పసుపు రాసింది. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే "రాయకపోతే బోసిగా ఉంటుంది" అనేది. అంతకంటే మంచి కారణం నాకు ఇప్పటికీ దొరకలేదు. పైగా అది నిజం.

అసలు నాకు ఒళ్ళు మండేది ఇంకొకటుంది. అమెరికాను ఎవరూ కారణం అడగరేం? మా అమ్మాయి సీమంతం నాటికి అక్కడి స్నేహితులంతా ఇంటర్నెట్లో ఒక జాబితా చూసుకుని వచ్చారు. ఏ వస్తువు, ఏ రంగు, ఏ కొట్లో, ధర ఎంత, అన్నీ పుట్టబోయే బిడ్డ తరఫున తల్లే రాసిపెట్టింది. ఇంకా కొనాల్సినవి ఏవో, ఇప్పటికే ఎవరో కొనేసినవి ఏవో తెలుస్తూ ఉంటుంది. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయడానికి రసీదు కూడా జతచేస్తారు. మా వైపు ఎవరైనా "మా గృహప్రవేశానికి ఫలానా కుక్కరు, అయిదు లీటర్లది, తెచ్చిపెట్టండి" అని కార్డు మీద అచ్చేయిస్తే, పామర్రు నుంచి అవనిగడ్డ దాకా పదేళ్ళు చెప్పుకుంటారు.

మనం రాసేది తీసుకున్న తర్వాతే. 1983లో మా పెళ్ళి చదివింపుల పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది. ఫలానావారు నూట పదహార్లు, ఫలానావారు పదహారు, స్టీలు గిన్నె ఒకటి. వాళ్ళింట్లో శుభకార్యం వచ్చినప్పుడల్లా మా ఆవిడ ఆ పుస్తకం తీస్తుంది. జపాన్‌లో కూడా ఇచ్చిపుచ్చుకోవడాలకు లెక్క ఉందట. పెళ్ళికి కొత్త నోట్లు, చావుకి పాతవి. చావింట్లో ఇచ్చిన డబ్బుకు దాదాపు సగం విలువ చేసే వస్తువు తిరిగి పంపిస్తారు. సగం! వినగానే మా ఆవిడ "వాళ్ళు మన కృష్ణా జిల్లావాళ్ళే" అని తేల్చింది.

లెక్కల మాట వచ్చింది కాబట్టి జాకెట్టు ముక్క గురించి చెప్పాలి. ప్రాజెక్టులో దీనికి రెండు లైన్లు చాలన్నారు. చాలవు.

పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళకు బొట్టుపెట్టి, ఆకు, వక్క, అరటిపళ్ళు, శ్రావణమైతే నానబెట్టిన శనగలు, వీటితోపాటు ఒక జాకెట్టు ముక్క ఇస్తారు. ఇది జాకెట్టు కుట్టుకోవడానికి అని మనవరాలు అనుకుంటోంది. పాపం. జాకెట్టు ముక్కను ఎవరూ కుట్టించరు. ఏ చీరకూ నప్పకుండా ఉండేలా దానికి రంగు వేస్తారు. ముదురు ఆకుపచ్చ, కనకాంబరం, వంకాయ రంగు, ఇంకా ప్రపంచంలో పేరు పెట్టని ఒక మెరుపు రంగు. గుడ్డ ధరకు ఎన్నో రెట్లు కుట్టుకూలి, లైనింగు ఖర్చు వేరే. అందుకని వన్‌టౌన్ వస్త్రలతలో కట్టలు కట్టలుగా కొన్న ముక్క, విసనకర్ర మడతలో, ప్లాస్టిక్ కవరులో, సత్యనారాయణపురంలో బయల్దేరి మొగల్రాజపురం వెళ్తుంది. అక్కణ్ణుంచి పటమట. పటమట నుంచి ఉయ్యూరు వియ్యపురాలింటికి. వచ్చే వరలక్ష్మీ వ్రతానికి మళ్ళీ సత్యనారాయణపురం.

మా బీరువాలో దీనికి రెండు అరలున్నాయి. వచ్చినవి పై అర, వెళ్ళాల్సినవి కింది అర. పై అర నుంచి కింది అరకు దిగడానికి ఒక్కో ముక్కకు ఒక్కో గడువుంటుంది, అది మా ఆవిడకొక్కదానికే తెలుసు. ఇచ్చినావిడకే తిరిగి ఇవ్వకూడదు. ఆవిడ తోడికోడలికి ఇవ్వొచ్చు, కానీ ఇద్దరూ ఒకే పేరంటానికి వచ్చినప్పుడు కాదు. కవరు మీద కొట్టు పేరుంటే కవరు మార్చాలి. మరీ దగ్గరవాళ్ళకు వెళ్ళేది అరలోంచి తియ్యకూడదు, కొత్తది కొనాలి. అది ఏ అరలోంచి వచ్చిందో వాళ్ళు ముట్టుకోగానే చెప్పేస్తారు.

1922లో మలినౌస్కీ అనే పెద్దమనిషి ట్రోబ్రియాండ్ దీవుల మీద ఒక పుస్తకం రాశాడు. న్యూగినీ పక్కన సముద్రంలో ఆ దీవులవాళ్ళు గవ్వల దండలు ఒక దిక్కుగా, గవ్వల కడియాలు దానికి ఎదురు దిక్కుగా, పడవల మీద దీవి నుంచి దీవికి పంపుకుంటూ ఉంటారు. ఎవరూ వాటిని శాశ్వతంగా ఉంచుకోరు. కొన్నాళ్ళు ఉంచుకుని ముందుకు పంపేయాలి. ఇది కనిపెట్టినందుకు ఆయనకు ప్రపంచమంతా దండం పెట్టింది. పాపం, అంతదూరం పడవెక్కి వెళ్ళాడు. గవర్నర్‌పేటలో గది అద్దెకు తీసుకుని, ఒక్క శ్రావణమాసం కిటికీ దగ్గర కూర్చుని ఉంటే సరిపోయేది. నా పరిశీలన ప్రకారం శ్రావణంలో జాకెట్టు ముక్కలు బందరు కాలువ వైపు వెళ్తాయి, దసరా బొమ్మల కొలువులో ఏలూరు కాలువ వైపు తిరిగొస్తాయి. కాటన్ దొర పూనికతో 1855 నాటికి ఆనకట్ట కట్టి కృష్ణ నీళ్ళను డెల్టా అంతా పంచారు. పంచిన నీళ్ళు మళ్ళీ బెజవాడకు రాలేదు. జాకెట్టు ముక్క వస్తుంది.

వచ్చిందని ఎలా తెలుస్తుందంటే, మా ఆవిడ వాటిని గుర్తుపడుతుంది. ఒక చిలకాకుపచ్చ ముక్క ఉంది. దాని మూల పసుపు మరక కృష్ణా జిల్లా పటంలా ఉంటుంది, దివిసీమ తోకతో సహా. అది మా ఇంట్లోంచి వెళ్ళి, ఎక్కడెక్కడో తిరిగి, మళ్ళీ మా ఇంటికే వచ్చింది. వచ్చిన రోజున మా ఆవిడ మొహంలో చూసిన ఆనందం మా అమ్మాయికి అమెరికా వీసా వచ్చిన రోజున కూడా చూడలేదు. దీనికి కారణం రాయాలట! ఎదుటి గడిలో ఏం రాయను?

ఈ ఆకుపచ్చ ముక్కను నాకంటే, మా ఆవిడకంటే బాగా ఎరిగిన మనిషి మూడో అంతస్తు వదినగారు. ఏ ముక్క ఎవరింటి నుంచి ఎప్పుడు బయల్దేరిందో ఆవిడ నోటిమీద ఉండేది. పేరంటానికి అందరికంటే ముందు వచ్చి, శనగలు సరిగ్గా నానలేదని చెప్పి, చివరిదాకా ఉండి వెళ్ళేది. కిందటి వేసవిలో మా మనవరాలు వచ్చినప్పుడు ఆవిడ దగ్గరే వామనగుంటలు నేర్చుకుంది. వాళ్ళాయన మాఘంలో పోయారు.

ఈ శ్రావణంలో మా ఆవిడ పేరంటం పెట్టింది. పిల్లకు చూపించడానికని ఫోన్లో వీడియో పెట్టి అల్మారాకు ఆనించాను. పిల్ల ఒక్కొక్కరినీ చూసి, నోట్సు రాసుకుని, చివరికి "తాతయ్య గారూ, మూడో అంతస్తు అమ్మమ్మ గారు రాకపోవుటకు కారణమేమిటి?" అని అడిగింది. స్పీకర్ ఆన్‌లో ఉంది. గదిలో అందరికీ వినిపించింది. ఆ పూట మా బావమరిది కూడా ఇంట్లోనే ఉన్నాడు. నరాలు, అయస్కాంతాలు, ఆక్సిజన్, ఒక్కటీ పలకలేదు.

ఆవిణ్ణి రావద్దని ఎవరూ అనలేదు. పిలవలేదు, అంతే. పిలవకూడదని మాలో ఎవరూ పైకి అననైనా లేదు. ఆవిడ కూడా ఆ సాయంత్రం తలుపు దగ్గరగా వేసుకుంది, చిన్నప్పట్నుంచీ తెలిసిన సంగతే కదా అన్నట్టు. నలభై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని శనగలు తిన్న మనుషుల మధ్య ఇది ఇంత సులువుగా, ఒక్క మాట లేకుండా జరిగిపోయింది. బోసిగా ఉంటుందని గడపకు పసుపు రాసిన మా అత్తగారు కూడా, మామగారు పోయాక, ఇరవై ఏళ్ళు పేరంటాల రోజున వంటింట్లోనే ఉండిపోయేది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. కాఫీ ఇంకా రాలేదేమిటని కేక మాత్రం వేసి ఉంటాను.

"సిగ్నల్ సరిగ్గా లేదమ్మా" అని ఫోను ఆపేశాను.

మర్నాడు మా ఆవిడ పై అరలోంచీ కింది అరలోంచీ కాకుండా, బీసెంట్ రోడ్డుకు వెళ్ళి కొత్త చీర ఒకటి కొనుక్కొచ్చి మూడో అంతస్తుకు వెళ్ళింది. ఏమన్నదో, ఆవిడేమన్నదో నాతో చెప్పలేదు. రెండు గంటలకు పైగా కిందికి రాలేదు. నా మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది, అడగలేదు.

బావమరిది మాత్రం ఊరుకోలేదు. వారం తిరక్కుండా దానికీ ఒక శాస్త్రీయ కారణం సంపాదించి ఫార్వర్డ్ చేశాడు. సగం చదివి తీసేశాను. ప్రాజెక్టులో చెప్పులు, కాఫీలు, చదివింపులు పూర్తిచేశాను. జాకెట్టు ముక్క ఒక్కటే ఆరు పేజీలు వచ్చింది, తగ్గించమంటున్నారు. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం ఇంకా ఏమీ రాయలేదు. శుక్రవారంలోగా కావాలట, వాళ్ళ శుక్రవారం.